పాత బుల్లెట్‌కు ట్రయల్స్ ఫుట్‌రెస్టు: కొలవడం నుంచి బిగించడం దాకా

రోడ్డు మీద నడిపేటప్పుడు ఫుట్‌రెస్టు గురించి ఎవరూ ఆలోచించరు. బరువు సీటు మీద ఉంటుంది, కాళ్లు ఊరికే ఆని ఉంటాయి. ట్రయల్స్ అనే మోటార్‌సైకిల్ పోటీలో సీటుకు పని లేదు. బండల మీద, వాగుల్లో, మొద్దుల మీదుగా నడక వేగంతో నిలబడే పోవాలి. ఒక సెక్షన్‌లో (పోటీ దారిలో గుర్తు పెట్టిన ఒక ముక్కలో) కాలు ఒకసారి నేలకు తగిలితే 1 పాయింటు, రెండుసార్లయితే 2, మూడు లేదా అంతకు మించితే 3, బండి పడిపోతే 5. తక్కువ పాయింట్లు వచ్చినవాడే గెలుస్తాడు. ఒళ్లు బరువంతా రెండు ఇనుప ముక్కల మీద మోపి ఆడే ఆట కాబట్టి, ఆ ముక్కలు ఎక్కడున్నాయన్న దాన్ని బట్టే బండి మాట వింటుందా, మొండికేస్తుందా అన్నది తేలుతుంది.

మన దగ్గర బుల్లెట్ అంటే ఊళ్లో పటేలు బండి, ఠాణాలో ఎస్సై బండి. కానీ ఇంగ్లండులో ఆ మోడల్‌కు పేరు తెచ్చినవాటిలో ఈ ఆట ముఖ్యమైనది. 350 సీసీ బుల్లెట్ మీద జానీ బ్రిటన్ 1952లో, మళ్లీ 1957లో స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచాడు. 1965లో శామీ మిల్లర్ తేలికపాటి టూస్ట్రోక్ స్పెయిన్ బండి బుల్టాకో షెర్పాతో అదే పోటీ గెలిచాక బరువైన ఫోర్‌స్ట్రోక్ బళ్ల కాలం ముగిసింది. 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్లు ఆ పాత వంశానివే. అందుకే మీ పెరట్లో తుప్పు పడుతున్న పాత బుల్లెట్‌ను ట్రయల్స్‌కు దించాలనుకోవడం వింతేమీ కాదు. 160 కిలోలు దాటిన బండి, కాస్త కండ కావాలి, అంతే.

ఇక్కడ చెప్పేదంతా కుడి పక్క గేరు, ఎడమ పక్క బ్రేకు ఉన్న పాత నాలుగు గేర్ల బుల్లెట్‌కు. ఎజ్డీ అయితే బ్రేకు కుడి పక్క, గేరూ కిక్కూ రెండూ ఎడమ పక్క ఒకే రాడ్డు కాబట్టి కుడిఎడమలు మార్చుకుని చదవండి.

ఎంత జరపాలి?

చాలామంది మూడు నాలుగు అంగుళాలు వెనక్కి జరిపేస్తారు. అంత అక్కర్లేదు. బుల్లెట్‌కు 40 నుంచి 50 మి.మీ. వెనక్కి, 15 నుంచి 25 మి.మీ. కిందికి చాలు. ఎందుకో లెక్క చూద్దాం.

పాత బుల్లెట్ రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం 1370 మి.మీ. 70 కిలోల మనిషి కాళ్లు 50 మి.మీ. వెనక్కి జరిగితే ముందు చక్రం మీది నుంచి వెనక చక్రానికి మారే బరువు 70 × 50 ÷ 1370, అంటే రెండున్నర కిలోలు. ఇంతేనా అనిపిస్తుంది. నిలకడగా నిలబడినప్పటి లెక్క అది. మొద్దు ఎక్కేముందు మోకాళ్లు వంచి ఒక్క తోపు తోస్తాం. ఆ క్షణంలో ఫుట్‌రెస్టు మీద పడేది ఒళ్లు బరువుకు రెండింతలు, మూడింతలు. ఆ తోపు వెనక చక్రానికి దగ్గరగా పడితే టైరు బండను పట్టుకుంటుంది, ముందు చక్రం తేలిగ్గా లేస్తుంది. వెనక్కి జరపడంలోని లాభమంతా అక్కడే ఉంది.

మరీ వెనక్కి పోతే నష్టం కూడా అక్కడే. మొరం నేల మీద మలుపు తిప్పుతుంటే ముందు టైరు మీద బరువు చాలక చక్రం ఎటు తిప్పినా బండి నేరుగా జారుతుంది. గుట్ట ఎక్కేటప్పుడు ముందు చక్రం అవసరం లేని చోట కూడా లేస్తుంది.

కిందికి దించడం గురించి ఒక అపోహ ఉంది. 'బరువు కిందికి దిగి బండి నిలకడగా ఉంటుంది' అంటారు. 160 కిలోల బండి, 70 కిలోల మనిషి కలిసిన మొత్తంలో మనిషిని 25 మి.మీ. దించితే ఉమ్మడి గరిమనాభి (బరువు కేంద్రం) దిగేది ఏడెనిమిది మి.మీ. మాత్రమే. అసలు లాభం మోకాళ్లకు. నిలబడితే ట్యాంకు మోకాళ్ల కిందికి పోకుండా మోకాళ్ల మధ్య ఉంటుంది, హ్యాండిల్ చేతికి అందే ఎత్తులోకి వస్తుంది. దీనికి చెల్లించే మూల్యం ఫుట్‌రెస్టుకూ నేలకూ మధ్య ఎత్తు. హన్మకొండ, కాజీపేట, ధర్మసాగర్ చుట్టూ ఉన్నవి గుండ్రటి గ్రానైట్ బండలు. రెండు బండల మధ్య గాడిలో పోతుంటే ముందు తగిలేది ఇంజిన్ అడుగు కాదు, పక్కలకు పొడుచుకొచ్చిన ఫుట్‌రెస్టు. తగిలిందంటే బండిని పక్కకు లాగి పడేస్తుంది. నేల నుంచి ఫుట్‌రెస్టు పైభాగానికి 300 మి.మీ. కన్నా తగ్గించొద్దన్నది నా అభిప్రాయం. కర్ర మొద్దులు, మట్టి గట్లు మాత్రమే ఎక్కేవాళ్లు ఇంకాస్త దించుకోవచ్చు.

ఇంకొకటి. ఫుట్‌రెస్టు 50 మి.మీ. వెనక్కి పోతే హ్యాండిల్ మీకు 50 మి.మీ. దూరమైనట్టే. అందుకని ఇనుము కోసేముందు హ్యాండిల్ క్లాంపులు వదులు చేసి కొంచెం వెనక్కి తిప్పి, నాలుగు రోజులు నిలబడి నడపండి. కొందరికి ఆ ఒక్క మార్పుతోనే పని అయిపోతుంది.

కొలత

సమతలంగా ఉన్న సిమెంటు నేల కావాలి. బండిని స్టాండు మీద వేయకుండా చక్రాల మీదే నిలబెట్టి, ఇద్దరు మనుషులను అటూ ఇటూ పట్టుకోమనండి. టైర్లలో మామూలు గాలి ఉండాలి. మీరు రైడింగ్‌కు వేసుకునే బూట్లే వేసుకోండి. చెప్పులతో తీసిన కొలత దేనికీ పనికిరాదు, మడమ ఎత్తు మారిపోతుంది.

మేస్త్రీలు గోడకు పట్టే గుండు దారం ఒకటి తెచ్చుకోండి. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చేయి) ఇరుసు మధ్య నుంచి గుండు వదిలి నేల మీద సుద్దతో గుర్తు పెట్టండి. ఇప్పుడున్న ఫుట్‌రెస్టు మధ్య నుంచి వదిలి ఇంకో గుర్తు. ఈ రెండింటి మధ్య దూరం, నేల నుంచి రెండింటి ఎత్తు, మొత్తం మూడు అంకెలు రాసుకోండి. ఇకపై ప్రతి మార్పునూ స్వింగ్ ఆర్మ్ ఇరుసు నుంచే లెక్కపెట్టాలి, అది కదలదు కాబట్టి. మామూలు బుల్లెట్‌లో ఫుట్‌రెస్టు ఆ ఇరుసుకు ముందుంటుంది. ట్రయల్స్ కోసమే కట్టిన బళ్లలో అది దాదాపు ఇరుసు కిందికో, కాస్త వెనక్కో వస్తుంది. మీరు అక్కడిదాకా పోనక్కర్లేదు, ఆ దిశలో పోతే చాలు.

తర్వాత బండి మీద నిలబడండి. మోకాళ్లు కొద్దిగా వంచి, చేతులు హ్యాండిల్ మీద ఊరికే ఆనించి, పక్క నుంచి ఎవరితోనైనా ఫోటో తీయించండి. ఇప్పుడు వేళ్లు విప్పండి. ముందుకు తూలిపోతే ఒళ్లు హ్యాండిల్ మీద మోస్తున్నారన్నమాట, వెనక్కి పడబోతే హ్యాండిల్‌ను పట్టుకుని వేలాడుతున్నారన్నమాట. చేతులు వదిలినా నిలబడగలిగే భంగిమ దొరికేదాకా నడుము ముందుకూ వెనక్కూ జరిపి చూడండి. ఆ భంగిమలో మోచేతులు పూర్తిగా చాచుకుపోకూడదు, నడుము ముడుచుకుపోకూడదు. అది కుదరకపోతేనే ఫుట్‌రెస్టు జోలికి పోవాలి.

రంధ్రాల పట్టీతో పరీక్ష

ఒకేసారి ఖాయం చేసి వెల్డింగ్ కొట్టేస్తే ఆ తర్వాత మార్చుకునే దారి ఉండదు. ముందు అట్టముక్క మీద గీసుకుని, ఆ ఆకారంలో 8 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పట్టీలు రెండు కోయించండి, ఒక్కో పక్కకు ఒకటి. పాత ఫుట్‌రెస్టు రాడ్డు దూరే చోట ఒక రంధ్రం. దానికి వెనక 25, 40, 55 మి.మీ. దూరాల్లో మూడు, అవే దూరాల్లో 20 మి.మీ. కిందికి ఇంకో మూడు. ఆరు చోట్లలో ఏదైనా బిగించి చూసుకోవచ్చు.

వెల్డింగ్ షాపులో ఈ మాట తప్పకుండా వినిపిస్తుంది:

"ఆరు ఎంఎం పట్టీ సాలు తమ్మీ, లారీ ఎక్కినా వంగది."

"వద్దన్నా, ఎనిమిదే పెట్టు."

పట్టీ నిలువుగా వంగదు, నిజమే. కానీ ఇక్కడ పని చేసే బలం అది కాదు. ఫుట్‌రెస్టు పక్కకు 100 మి.మీ. పొడుచుకుని ఉంటుంది. ఎగిరి దిగినప్పుడు 200 కిలోల పైన బరువు దాని కొన మీద పడితే, అది పట్టీని తడిగుడ్డ పిండినట్టు మెలితిప్పుతుంది. సన్న పట్టీ ఓడిపోయేది ఈ మెలికకే. పట్టీ మందం ఒక్కటే దీనికి మందు కాదు, అసలు మందు కింద చెప్పే అడ్డ పైపు.

ఒక్క బోల్టు మీద వేలాడే పట్టీ తిరిగిపోతుంది కూడా. రెండో ఆధారం తప్పనిసరి. ఇంజిన్ వెనక ప్లేట్ల బోల్టుల్లో మీ బండిలో ఏది దగ్గరగా ఉందో చూసుకోండి. సెంటర్ స్టాండు ఎలాగూ తీసేస్తారు, దాని బోల్టు చోటు కూడా వాడుకోవచ్చు. రెండు ఆధారాల మధ్య ఎంత దూరం ఉంటే అంత మంచిది.

ఈ తాత్కాలిక పట్టీలతో చదును నేల మీద మాత్రమే, మొదటి గేరులో, నిలబడి ఎనిమిది అంకె ఆకారంలో తిరగండి. దూకడాలు, బండలు ఎక్కడాలు ఇప్పుడే వద్దు. ఒక్కో రంధ్రానికి కనీసం అరగంట. పది నిమిషాలు నడిపితే ప్రతి కొత్త చోటూ బాగున్నట్టే ఉంటుంది. కాళ్లు అలసిపోయాకే తేడా తెలుస్తుంది.

అసలు పట్టీ, అడ్డ పైపు

చోటు ఖాయమయ్యాక కొత్త పట్టీలు కోయించండి, ఈసారి కావలసిన రంధ్రాలతోనే. డ్రిల్ నేరుగా 10 మి.మీ. బిట్టుతో దించొద్దు. సెంటర్ పంచ్ కొట్టి, 4తో మొదలుపెట్టి, 7, ఆ తర్వాత 10. రెండు పట్టీలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి క్లాంపు వేసి కలిపి తొలిస్తే కుడిఎడమలు ఒక్క తీరుగా వస్తాయి. అంచులు గ్రైండర్‌తో గుండ్రంగా చేయండి. పట్టీ లోపలి మూలలు పదునుగా వదిలేస్తే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది, కాబట్టి మూల దగ్గర ముందు ఒక రంధ్రం తొలిచి ఆ రంధ్రం దాకా కోయాలి.

పాత బుల్లెట్‌లో రెండు ఫుట్‌రెస్టులూ ఫ్రేమ్ అడుగున అడ్డంగా దూరిన ఒకే పొడవాటి రాడ్డు మీద నిలుస్తాయి. అది ఊరికే పెట్టింది కాదు. కుడి కాలి మెలికను ఎడమ పక్క కూడా మోస్తుంది. మనం పట్టీలతో వెనక్కి పోయినప్పుడు ఆ సాయం పోతుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవాలి. కొత్త ఫుట్‌రెస్టు చోటుకు దగ్గరగా, ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీకి అడ్డంగా 25 నుంచి 28 మి.మీ. బయటి వ్యాసం, 4 మి.మీ. గోడ మందం ఉన్న సీమ్‌లెస్ (అతుకు లేని) పైపు వేయాలి. దాని రెండు కొనలూ లేత్ మీద చదును చేయించి, లోపల నుంచి 12 మి.మీ. స్టడ్ దూర్చి బయట నట్లతో బిగించండి. పైపు పొడవు రెండు పక్కల పట్టీల మధ్య ఖాళీకి సరిగ్గా సరిపోవాలి. పొట్టిగా ఉంటే నట్లు బిగించినప్పుడు పట్టీలు లోపలికి వంగుతాయి.

ఈ పైపుకు వెనక టైరు తగలకుండా చూసుకోవాలి. వెనక షాక్‌లు రెండూ ఊడదీసి, చక్రాన్ని చేత్తో పైదాకా లేపి, పైపుకూ టైరుకూ మధ్య కనీసం వేలెడు సందు ఉందో లేదో చూడండి. చైన్ కూడా. షాక్‌లు ఊడిన ఈ సమయంలోనే కింద చెప్పబోయే బ్రేకు పరీక్ష కూడా ముగించుకుంటే మళ్లీ ఊడదీసే పని తప్పుతుంది.

ఇల్లు కట్టగా మిగిలిన టీఎంటీ చువ్వను ఫుట్‌రెస్టు పిన్నుగానో, అడ్డ రాడ్డుగానో వాడొద్దు. గరుకు గాట్లున్న చువ్వ, లేత్ మీద సాఫు చేయించినా దీనికి సరైనది కాదు. జీఐ పైపు కూడా వద్దు. జింకు పూత మీద వెల్డింగ్ కొడితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు చేటు, అతుకూ సరిగా పట్టదు.

ఫ్రేమ్ మీద మాత్రం వెల్డింగ్ వద్దే వద్దు. ఆటోనగర్‌లో అడిగితే పది నిమిషాల్లో కొట్టి ఇస్తారు, నిజమే. వేడికి పైపు లాగుతుంది, అతుకు పక్కన లోహం పెళుసవుతుంది, వెనక్కి తీసే దారి ఉండదు. చట్టం వైపు నుంచి కూడా ఆలోచించండి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ ఉన్న బండిని తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడానికి వీల్లేదు. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్సీ రెన్యూవల్ అంటే బండిని తనిఖీకి చూపించాలి. బోల్టులతో బిగించిందైతే ఒక పూటలో విప్పి పాతవి పెట్టేయొచ్చు. పాత రాడ్డు, ఫుట్‌రెస్టులు, స్టాండు గ్రీజు పూసి గోనె సంచిలో చుట్టి దాచండి. ట్రయల్స్ రూపంలో ఉన్నన్నాళ్లూ ఆటో ట్రాలీలో తీసుకుపోయి, సొంత చెల్కలోనో, యజమాని అనుమతి ఉన్న పాత క్వారీలోనో నడపండి. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీలకు కొదవ లేదు. పద్మాక్షి గుట్ట, కోట బురుజులు, రేగొండ దగ్గరి పాండవుల గుట్టలు ఈ ఆటకు చోట్లు కావు.

బోల్టులు తల మీద 8.8 అని బలం గ్రేడు ముద్ర ఉన్నవే వాడండి. 10 మి.మీ. బోల్టుకు 45 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది. పాత బుల్లెట్లలో చాలాచోట్ల ఇంగ్లండు కొలతల మరలుంటాయి. మెట్రిక్ బోల్టు రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటే పానాతో బలవంతం చేయకండి. కొత్త రంధ్రాలకు మాత్రం మెట్రిక్ బోల్టులు, నైలాక్ నట్లు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉన్నవి).

ఫుట్‌రెస్టు ఎలాంటిది?

పాత గుండ్రటి రబ్బరు ఫుట్‌రెస్టు బురదలో సబ్బు ముక్క. ఈ రోజుల్లో అడ్వెంచర్ బళ్లకు వచ్చే వెడల్పాటి, పళ్లున్న, మడిచే ఫుట్‌రెస్టులు స్పేర్ పార్టుల దుకాణాల్లో దొరుకుతాయి. రబ్బరు ముక్క తీసేసి వాడుకోవచ్చు. దాన్ని పట్టుకునే యూ ఆకారపు బ్రాకెట్‌ను పట్టీకి వెల్డింగ్ చేయించండి, బండి మీద కాదు, బల్ల మీద పెట్టి.

బ్రాకెట్ కోణం మీద అశ్రద్ధ వద్దు. బండకు తగిలినప్పుడు ఫుట్‌రెస్టు నేరుగా పైకి కాదు, వెనక్కీ పైకీ 45 డిగ్రీల్లో మడవాలి. అందుకు పిన్ను కూడా ఆ వాలులోనే ఉండాలి. వెల్డర్లు సాధారణంగా పిన్నును బండి పొడవునా నేరుగా పెట్టేస్తారు, ముందే గీసి చూపించండి. మడిచి వదిలితే స్ప్రింగ్ దానంతటదే తిరిగి తేవాలి. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య ఎఫ్ఐఎం నియమాల్లో మడిచే ఫుట్‌రెస్టుకు ఈ షరతు ఉంది, కొన కనీసం 8 మి.మీ. వ్యాసార్థంతో గుండ్రంగా ఉండాలని కూడా ఉంది. పోటీకి పోకపోయినా ఆ కొన గుండ్రంగా చేయించండి, బండి మీద పడితే పిక్కలో దిగేది అదే. రసమట్టం పెట్టి చూస్తే బయటి కొన రెండు మూడు మి.మీ. ఎత్తుగా ఉండేలా పెట్టండి. కొన్నాళ్లకు ఎలాగూ కాస్త దిగుతుంది.

ఎడమ పక్క: బ్రేకు

ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే. కాలు 50 మి.మీ. వెనక్కి పోయింది కాబట్టి పెడల్ మీదికి బొటనవేలు అందదు. సులువైన దారి పెడల్‌ను కోసి పొట్టి చేయడం. కానీ పెడల్ అంటే మీటకర్ర. ఇరుసు నుంచి తొక్కే చోటుకు 200 మి.మీ., ఇరుసు నుంచి బ్రేకు రాడ్డు తగిలే చోటుకు 50 మి.మీ. అనుకుంటే కాలి బలం నాలుగింతలై డ్రమ్ముకు చేరుతుంది. పెడల్‌ను 150కి తగ్గిస్తే మూడింతలే. బ్రేకు నాలుగో వంతు బలహీనం. గుట్ట దిగేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. అటువైపు రాడ్డు తగిలే రంధ్రాన్ని 37 మి.మీ. దగ్గరికి తెస్తే మళ్లీ నాలుగింతలు వస్తుంది. కాకపోతే ఇప్పుడు అదే తొక్కుడుకు రాడ్డు కదిలే దూరం తగ్గుతుంది, కాబట్టి బ్రేకు షూలు దగ్గరగా సర్దుకోవాలి. అరిగిన షూలతో ఈ లెక్క కుదరదు, కొత్తవి వేయించండి.

పెడల్ తొక్కే భాగం ఫుట్‌రెస్టు పైభాగం కన్నా కొంచెం కిందుండాలి. నిలబడి మామూలుగా పాదం పెట్టినప్పుడు తగలకూడదు, బొటనవేలు వంచితే తగలాలి. ఈ సర్దుబాటు కోసం ఒక ఆపు బోల్టు, లాగి పెట్టే స్ప్రింగ్ తప్పనిసరి.

చాలామంది చూడనిది ఒకటుంది. వెనక చక్రం పైకి లేచినప్పుడు రాడ్డు తన ముందు కొన చుట్టూ, స్వింగ్ ఆర్మ్ తన ఇరుసు చుట్టూ తిరుగుతాయి, రెండింటి కేంద్రం ఒకటి కాదు. పెడల్ ఇరుసును స్వింగ్ ఆర్మ్ ఇరుసు నుంచి దూరం జరిపితే, కుదుపుకు షాక్ దిగినప్పుడల్లా రాడ్డు తానే లాగబడి బ్రేకు పట్టేస్తుంది. మొద్దు ఎక్కుతుంటే సరిగ్గా అవసరం లేని క్షణంలో వెనక చక్రం ఆగిపోతుంది. షాక్‌లు తీసిన స్థితిలో చక్రాన్ని పైకీ కిందికీ లేపుతూ చేత్తో తిప్పి చూడండి. ఎక్కడా బిగుసుకోకూడదు. బిగుసుకుంటే పెడల్ ఇరుసును పాత చోటే ఉంచి, పెడల్ చేతిని మాత్రం వంచి వెనక్కి తేవడం మేలు.

కుడి పక్క: గేరు, కిక్కు

గేరు గురించి పెద్దగా బెంగ వద్దు. సెక్షన్‌లో దాదాపు ఒకే గేరులో పోతారు. లివర్ పళ్ల షాఫ్ట్ మీద ఉంటే ఒకటి రెండు పళ్లు తిప్పండి, లేదంటే కొన మీద చిన్న ముక్క అతికించి వెనక్కి తెండి. సైలెన్సర్ కుడి పక్కనే ఉంది, కొత్త చోట పిక్క దానికి ఆనుతుందేమో చూసుకోండి.

కిక్ రాడ్డు మాత్రం పూర్తిగా కిందికి దిగేదాకా చేత్తో నొక్కి చూడాలి. ఫుట్‌రెస్టు మడిచినప్పుడు కిక్కు స్వేచ్ఛగా దిగితే చాలు. మడిచినా తగిలేట్టుంటే తొందరలో పాదం వాటి మధ్య ఇరుక్కుంటుంది, ఆ ఫుట్‌రెస్టును 10 మి.మీ. బయటికి జరపండి.

మొదటి నెల

అన్ని నట్లు బిగించాక నట్టు మీద నుంచి పట్టీ మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. ప్రతి రైడ్ తర్వాత చూపు వేస్తే ఏది వదులైందో పానా పెట్టకుండానే తెలుస్తుంది. మొదట చదును నేల, తర్వాత మోకాలెత్తు గట్టు, ఆ తర్వాత తుమ్మ మొద్దు, చివర బండలు. వాన పడిన రోజు నాచు పట్టిన గ్రానైట్ మీద కొత్త ఫుట్‌రెస్టు పరీక్షించొద్దు. జారింది టైరా, మీ కాళ్ల చోటు తప్పా అన్నది తేలదు.

వెల్డింగ్ అతుకుల్లో పగులు కంటికి కనిపించదు. దానికి పాత మెకానిక్కుల పద్ధతి ఒకటుంది. అతుకు శుభ్రం చేసి కిరోసిన్ పూసి, కాసేపు ఉంచి, గుడ్డతో పొడిగా తుడవండి. దాని మీద సుద్ద ముక్క రుద్ది, ఫుట్‌రెస్టు కొనను గట్టిగా ఒకటి రెండుసార్లు తొక్కండి. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ బయటికి వచ్చి తెల్ల సుద్ద మీద సన్నటి తడి గీతలా కనిపిస్తుంది. గీత కనబడితే దాని మీద మళ్లీ వెల్డింగ్ పూయకండి. ఆ పట్టీ పారేసి కొత్తది చేయించండి.

నల్లరేగడిలో నడిపితే ఇంకో పని ఉంటుంది. ఆ మట్టి మడత సందులో చేరి ఎండితే ఫుట్‌రెస్టు పైకి మడిచినది అక్కడే నిలిచిపోతుంది, తర్వాతి బండ మీద కాలు గాలిలో పడుతుంది. తడిగా ఉండగానే నీళ్లు కొట్టి కడిగి, స్ప్రింగ్ నాలుగుసార్లు ఆడించి, పిన్ను మీద ఒక చుక్క ఆయిల్ వేయండి.